హంస పోస్టులో చేరిన బాతు

కొబ్బరిచెట్ల మొవ్వుల్లో చేపలు చిక్కుకున్న వరద వచ్చి పోయిన రెండో ఏడు జరిగింది ఇది. మొవ్వుల్లో కాదు, మానుల్లో చిక్కుకున్నాయని అనేవాళ్లూ ఉన్నారు. ఎంత ఎత్తున చిక్కుకుంటేనేం, బొండువారి రేవులో ఉన్న ఇళ్లన్నిటినీ గోదారి ఊడ్చుకుపోయింది. మిగిలింది దొరయ్య ఇల్లొక్కటే. దానికీ గోడలే మిగిలాయి, కప్పు సముద్రం చూడబోయింది.

ఇల్లంటే ముందు వసారాలో భోజనం హోటలు, వెనక కాపురం. రేవు దాటేవాళ్లు పడవ దిగి, ఇంత అన్నం తిని, అరుగు మీద నడుం వాల్చి పోతుంటారు. వండేది భార్య పేరంటాలు. వడ్డించేది దొరయ్య. మాట్లాడేది పేరంటాలు. విననట్టుండి వినేది దొరయ్య.

దొరయ్య అన్నిట్లోనూ చెయ్యి పెద్దవాడే గాని మాట దగ్గర పిసినారి. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే తలూపాడు. ఆ ఊపు మీదే ఇన్నేళ్లూ కాపురం నడిచింది. గ్లాసు బోర్లించాడంటే చాలని. గుమ్మంలో నిలబడి గొంతు సవరించాడంటే బియ్యం బస్తా వచ్చిందని. కూర బాగాలేకపోతే మజ్జిగ వైపు తొందరగా చూస్తాడు. బాగుంటే ఏమీ చేయడు. ఆ ఏమీ చేయకపోవడాన్ని పొగడ్తగా తీసుకోవడం పేరంటాలుకు కొత్త కాపురంలోనే అలవాటైంది.

"మా ఆయన నోట్లో ముత్యాలున్నాయమ్మా, తెరిత్తే రాలిపోతాయని బయం," అనేది పడవ దిగిన ఆడవాళ్లతో. నవ్వుతూనే అనేది. కాని రోజూ అనేది.

అలా తాటాకులు కప్పుకుని రోజులు వెళ్లదీస్తుంటే ఒకనాడు రేవులో జీపు ఆగింది. దాంట్లోంచి శేషశాయి గారు దిగారు. ఈయన ప్రభుత్వం కొత్తగా పెట్టిన కావ్యకాల నిత్యజీవన పునరుజ్జీవన సంస్థకు ప్రత్యేకాధికారి. అంతకుముందు ఆయన ఇటలీ వెళ్లొచ్చారు. అక్కడ ఐదొందల ఏళ్ల కిందటి కవులు జనం ఇళ్లల్లో ఏం వండుకున్నారో, ఎందుకు పోట్లాడుకున్నారో, ఏ పీట మీద కూర్చుని దగ్గారో అన్నీ రాసిపెట్టారట. ఆ పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టుగా ఒక ఊళ్లో ఇల్లొకటి అమర్చి, టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారట. వాళ్లకు పునరుజ్జీవనం నడిచిన రోజుల్లోనే మనకూ కావ్యాలు పుట్టాయి, వాళ్లకు ఇల్లుండి మనకెందుకు ఉండకూడదు అని శేషశాయి గారు విమానంలోనే ప్రశ్న వేసుకున్నారు. విమానం దిగేసరికి అది సంస్థ అయింది.

"కావ్యాలలో పూటకూటి ఇండ్ల ప్రస్తావన గలదు," అన్నారాయన ముక్కు మీద రుమాలు తీయకుండా. "ఈ గృహము అందుకు సర్వవిధాలా అర్హము. కప్పు మేము వేయిస్తాము. ఒక సంవత్సరము కాపురము కావ్యప్రకారము మీరు చేయవలెను. ఈ ఇంట జరుగు ప్రతి పనికీ గ్రంథాధారముండవలెను. ఆధారము లేని పని జరిగినచో ఇల్లు సంస్థకు చెందును. ఇందులో నాటక కళాకారులు కాపురము చేసెదరు. మీకు వరద కాలనీలో గది ఇప్పించబడును."

వరద కాలనీ రేవుకు రెండు కోసుల దూరం. అక్కడ నీళ్లు కనిపించవు. పడవ రాదు. అన్నం తినేవాడు రాడు.

పేరంటాలు మొగుడి వైపు చూసింది. దొరయ్య గోడల మీది తాటాకుల వైపు చూశాడు.

"మౌనము అర్ధాంగీకారము," అన్నారు శేషశాయి గారు. "మిగిలిన అర్ధము సంస్థ సమకూర్చును."

కప్పు వేశారు. మంచి పెంకు, మంచి దూలాలు, వంక పెట్టడానికి లేదు. ఆ కప్పు కిందికి మొదటగా వచ్చినవాడు లోవరాజు. సంస్థలో అటెండరు. నలభై దాటిన మనిషి. పుస్తకాల పెట్టె పక్కన పెట్టుకుని, వసారాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఎవరేం చేసినా ఆధారం ఉందో లేదో చూసి చెప్పడం అతని పని.

మొదట వంటగది సోదా. మిరపకాయలు బయట పెట్టించారు.

"అదేంటి బాబూ, మిరపకాయేం చేసింది?"

"ఆ రోజుల్లో మన దేశంలో మిరపకాయ లేదంట పిన్నిగారూ. ఓడల్లో తర్వాతొచ్చిందంట. మిరియాలు వాడుకోవాలంట."

"బంగాళాదుంప?"

"అదీ ఓడేనండి."

"టమాటా? జాంకాయ? టీ?"

"అన్నీ ఓడేనండి. మీరిలా అడిగేకొద్దీ లిస్టు పెరుగుద్ది, నా మాటిని ఊరుకోండి."

పేరంటాలు ఊరుకుంది. కాని పండుమిరప పచ్చడి జాడీ మాత్రం నీళ్లపొయ్యి వెనక, బూడిద గుట్టలో నిలబెట్టి, పైన గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద ఇంత బూడిద పోసింది. ఆ పచ్చడి కోసమే పై ఊళ్లవాళ్లు ఒక పడవ వదులుకుని మరో పడవకు వెళ్లేవాళ్లు. లోవరాజు పెట్టెలోంచి ఏదో పుస్తకం తీసి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు అందులో తల పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత కూర్చోవడం, లేవడం, దగ్గడం. ఎక్కిళ్లకు ఆధారం దొరికింది, ఎవరో తలుచుకుంటే వస్తాయని. తుమ్ముకు దొరికింది, శకునం కింద. పేరంటాలు గరిటె కాడతో వీపు గోక్కుంటే పుస్తకాలన్నీ తిరగేసినా దొరకలేదు. ఏ నాయికా వీపు గోక్కోలేదు. అందుకని వీపు దురద పుట్టినప్పుడల్లా ఆమె వీధిలోకి వెళ్లి గోక్కుని వచ్చేది. వీధికి సంస్థ వర్తించదు.

"పెద్ద పెద్ద కవులంట," అనేది గోక్కుంటూ. "వీళ్లకి వీపుల్లేవేంటి లోవరాజూ?"

"చంకలు కూడా లేవండి పిన్నిగారూ. నేను చూశాను."

రేవు జనానికి ఇదంతా వేడుకైంది. మిరియాల పులుసు తాగి దగ్గి, ఆ దగ్గుకు ఆధారం ఉందో లేదో లోవరాజును అడిగి పోయేవాళ్లు. తినేవాళ్లు తగ్గినా చూసేవాళ్లు పెరిగారు. కప్పు నెత్తిన ఉంది కదా, ఏడాది గడిచిపోతుంది అనుకున్నాడు దొరయ్య. పైకనలేదు, అతనేదీ పైకనడు కాబట్టి.

అక్కడే వచ్చింది చిక్కు.

శేషశాయి గారు తనిఖీకి వచ్చి, ఒక పూటంతా పీట మీద కూర్చుని, దంపతుల్ని గమనించి, కళ్లజోడు తుడుచుకున్నారు. "నాయకుడు నాయికతో ఒక్క పలుకైనా పలుకలేదు. ఏమి కారణము?"

"ఆయనంతేనండి," అంది పేరంటాలు.

"అంతే అన్నదానికి ఆధారమున్నదా? కావ్యాలలో నాయకుడు నాయికను చూచిన తక్షణము ఆపాదమస్తకము వర్ణించును. ఏమయ్యా, వర్ణించుము. పాదములతో ఆరంభించుము."

వసారా నిండా జనం. పేరంటాలును పీట మీద నిలబెట్టారు. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. ఏం చెప్తాడో విందామని చెవి మాత్రం ఇటే పెట్టింది.

దొరయ్య పాదాల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లలో అంతసేపు చూసింది అదే మొదలు.

"పగిలాయి," అన్నాడు.

జనం గొల్లుమన్నారు. పేరంటాలు పీట దిగి లోపలికి పోయింది. ఆ పూట గిన్నెలు చప్పుడు చేసిన తీరుకు ఏ గ్రంథంలోనూ ఆధారం లేదని లోవరాజు తర్వాత చెప్పాడు. దొరయ్య మాత్రం పీట వైపే చూస్తూ నిలబడిపోయాడు. అతను నిజంగానే వర్ణించాడు. దాన్ని వర్ణన అనరని అతనికెవరూ చెప్పలేదు.

సంస్థలో సమావేశం జరిగింది. తీర్మానం లోవరాజే పట్టుకొచ్చి చదివాడు. మొగుడు పెళ్లాంతో మాట్లాడకపోవడానికి కావ్యాల్లో ఎక్కడా ఆధారం లేదు, ఒకే ఒక్క సందర్భంలో తప్ప. అది అతను ఊళ్లో లేనప్పుడు. కనుక మౌనాన్ని క్రమబద్ధం చేయడానికి నాయకుణ్ణి తక్షణం ఊళ్లోంచి పంపేయాలి. దీన్ని విరహం అందురు. వచ్చే శుక్రవారం అధ్యక్షులు పరబ్రహ్మం గారు స్వయంగా విచ్చేసి విరహాన్ని పరిశీలిస్తారు. విరహం రుజువైతే సరే. కాకపోతే కప్పుతో సహా ఇల్లు సంస్థది.

"ఇదెక్కడి గోలరా నాయనా," అంది పేరంటాలు. "మాట్టాడని మొగుణ్ణి మాట్టాడట్లేదని ఊరు దాటిత్తారా?"

దాటించారు. అవతలి ఒడ్డున నీటిపారుదల వాళ్ల బంగళా ఉంది. దాని వెనక గదిలో దొరయ్యను పెట్టారు. అక్కణ్ణుంచి చూస్తే గోదారికి ఇవతల తన కప్పు కనిపిస్తుంది, వంటింటి పొగ కనిపిస్తుంది. పొగ సన్నగా లేస్తే అన్నం వార్చిందని, నల్లగా లేస్తే తడికట్టె పెట్టిందని తెలుస్తుంది అతనికి. రోజంతా అదే చూస్తూ కూర్చునేవాడు. మూడు పూటలా మిరియాల చారు పోసేవాళ్లు. మజ్జిగ వైపు చూసేవాడు. అక్కడ ఆ చూపు అర్థమయ్యేవాళ్లు లేరు.

ఇవతల విరహం లెక్క తేలడం లేదు. కావ్యాల్లో నాయిక ఒంటికి గంధం రాస్తే ఆ తాపానికి ఎండి పొడిపొడిగా రాలిపోతుంది. లోవరాజు ఆస్పత్రి నర్సమ్మను తోడు తెచ్చి, పేరంటాలు చేతులకు గంధం రాయించి కూర్చున్నాడు. గోదారి గాలికి అది ఎండనే లేదు.

"తీసెయ్ బాబూ, నాకు చలేత్తంది," అంది పేరంటాలు.

థర్మామీటరు పెట్టించాడు. మామూలుగా ఉంది. మర్నాడూ మామూలే.

"పిన్నిగారూ, కొంచెం వేడెక్కండి మరి. ఇల్లు పోద్ది."

"ఎలా ఎక్కమంటావురా? పొయ్యిలో కూచోనా?" అంది. పొయ్యిలో కట్టె ఎగదోసింది. "ఆయనున్నప్పుడూ ఈ ఇల్లు ఇలాగే ఉండేది లోవరాజూ. ఏ సందడీ లేదు. అయితే అప్పుడా నిశ్శబ్దం ఆయనది. ఇప్పుడిది ఎవరిదో తెలీట్లేదు."

లోవరాజు పుస్తకాల పెట్టె వైపు చూశాడు గాని తెరవలేదు.

నాయిక వైపు నుంచి తాపం రాదని తేలిపోయాక, శేషశాయి గారు నాయకుడి వైపు నుంచి సందేశం నడపాలని నిర్ణయించారు. విరహంలో ఉన్నవాడు హంస చేత కబురంపడం ఆనవాయితీ. హంసకు టెండర్లు పిలిచారు. ఎవరూ వేయలేదు. చివరికి కొల్లేటి పక్క నుంచి ఒకాయన బాతును తోలుకొచ్చాడు. తెల్లగానే ఉంది. ఈదుతుంది. మెడ కొంచెం పొట్టి. "హంస పోస్టులో తాత్కాలిక ప్రాతిపదికన బాతును నియమించడమైనది" అని ఉత్తర్వు వచ్చింది. అధ్యక్షులు వచ్చేది మర్నాడే.

బాతును బంగళా మెట్ల మీద దొరయ్య ఎదురుగా నిలబెట్టారు.

"చెప్పుము," అన్నారు శేషశాయి గారు. "ఓ రాజహంసమా అని ఆరంభించుము."

దొరయ్య బాతు వైపు చూశాడు. బాతు దొరయ్య వైపు చూసింది. ఇద్దరూ ఏమీ అనలేదు.

"ఇల్లు పోవునయ్యా!"

దొరయ్య నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. చివరికి చెయ్యెత్తి, అందరూ అవతలికి పొమ్మని సైగ చేశాడు. శేషశాయి గారికి కోపం వచ్చింది గాని, దూతతో ఏకాంతానికి ఆధారం ఉందని లోవరాజు గుర్తు చేశాడు. అందరూ బంగళా ముందు వైపుకు పోయారు. లోవరాజు గోడ మూల నుంచి తొంగి చూశాడు.

"మాట్టాడతన్నాడండి!" అన్నాడు గుసగుసగా. "అయ్యబాబోయ్, మాట్టాడతన్నాడు!"

"ఏమనుచున్నాడు?"

"ఇనపడట్లేదండి. చేతులు కూడా ఊపుతన్నాడండి. పాదాలు చూపిత్తన్నాడు. అదిగో, బాతు తల మీద చెయ్యేశాడు... ఇంకా అవలేదండి. చాలా ఉన్నట్టుంది."

చాలానే ఉంది. సూర్యుడు బంగళా వెనక్కు పోయినా అతను చెప్తూనే ఉన్నాడు. చెప్పడం అయ్యాక, వరదలో ఈది ఒడ్డెక్కినవాడిలా మెట్ల మీద వెనక్కు వాలిపోయాడు.

శుక్రవారం పరబ్రహ్మం గారు వచ్చారు. భారీ మనిషి. సంస్థలో అందరూ కావ్యభోజనమే చేయాలని ఉత్తర్వు వేసింది ఆయనే, కనుక నెలల తరబడి ఆయనా చప్పిడి కూళ్లే తింటున్నారు. ముఖంలో కళ లేదు. స్వాగతంగా చేతులకు గంధం పూస్తే పూయించుకుని, వసారాలో కుర్చీలో కూలబడ్డారు. దొరయ్యను కూడా పడవలో తెచ్చి, విరహం చెడకుండా, గుమ్మానికి అవతల నిలబెట్టారు.

బాతును పడవలో తేలేదు. హంస పడవెక్కిన ఆధారం లేదు. పడవ పక్కన ఈదించుకుంటూ తెచ్చారు. అది నీళ్లు దులుపుకుని, వసారా ఎక్కి, నేరుగా పేరంటాలు ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, హంస సందేశము తెచ్చినది. ఏమని చెప్పినదో సభకు విన్నవింపుము," అన్నారు శేషశాయి గారు.

పేరంటాలు కిందికి చూసింది. బాతు పైకి చూసింది.

"ఏం చెప్పలేదండి," అంది పేరంటాలు. "అందుకే మా ఆయన పంపిందేనని తెలిసింది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గుమ్మానికి అవతల దొరయ్య తల వంచుకున్నాడు. అంతసేపు చెప్పాడు పాపం.

"విరహము రుజువు కాలేదు," అన్నారు శేషశాయి గారు కాగితం తీస్తూ. "తాపము లేదు. సందేశము లేదు. ఇల్లు..."

"ముందు అన్నం పెట్టించండి," అన్నారు పరబ్రహ్మం గారు నీరసంగా. "అతిథి ఆకలికి ఆధారముంది."

పేరంటాలు లోపలికి వెళ్లింది. నీళ్లపొయ్యి వెనక బూడిద తవ్విన చప్పుడు లోవరాజుకు వినిపించింది. అతను గట్టిగా దగ్గాడు. ఆకు వేసింది, పొగలు కక్కే అన్నం పెట్టింది, నెయ్యి పోసింది. ఆకు మూల ఎర్రగా ఇంత ముద్ద వేసింది.

"అదేమది?" అన్నారు శేషశాయి గారు.

"విరహం బాబూ. నా ఒంట్లో లేదన్నారుగా, ఆకులో వేశాను."

పరబ్రహ్మం గారు వాసన చూశారు. కళ్లు మూసుకున్నారు. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. రెండో ముద్దకు చెవులు ఎర్రబడ్డాయి. మూడో ముద్దకు కళ్లవెంట ధారలు. నోట మాట లేదు. ఆకు మూల చూపిస్తూ, ఇంకా వెయ్యమని చేత్తో సైగ చేశారు. పేరంటాలు వేసింది. ఆ సైగ ఆమెకు బాగా తెలిసిందే.

లోవరాజు అలవాటు కొద్దీ లేచి థర్మామీటరు పెట్టబోయాడు. పరబ్రహ్మం గారు చెయ్యి విసిరారు. ఆ విసురుకు చేతి మీద ఎండిన గంధం పొడిపొడిగా ఆకు పక్కన రాలింది.

సభంతా ఆ పొడి వైపు చూసింది.

"రాలింది," అన్నాడు లోవరాజు. "పుస్తకంలో ఉన్నట్టే రాలిందండి."

శేషశాయి గారు కాగితం పట్టుకుని అటూ ఇటూ చూశారు. పరబ్రహ్మం గారు మజ్జిగ తాగి, ముక్కు తుడుచుకుని, చాన్నాళ్ల తర్వాత ముఖంలో వెలుగుతో తీర్పు చెప్పారు.

"రసము పాత్రలోనే పుట్టవలెనని లేదు. చూచెడి సహృదయునిలో పుట్టిన చాలును. శాస్త్రము. తాపము నాకు కలిగినది. కన్నీరు నాకు వచ్చినది. గంధము నా చేత రాలినది. విరహము నిస్సందేహముగా రుజువైనది. ఈ ఇంట సంస్థ లక్ష్యము సంపూర్ణముగా నెరవేరినది." తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, ఆ విరహం చిన్న సీసాలో పెట్టించగలవా?" అన్నారు.

లక్ష్యం నెరవేరాక సంస్థకు అక్కడ పనేముంది. కావ్యాల్లో తర్వాతి ఘట్టం వేట గనక, అడవి వెతుక్కుంటూ జీపు వెళ్లిపోయింది. లోవరాజు బల్ల ఎత్తుతూ బాతును కూడా ఎత్తబోయాడు. కుదరలేదు. సంస్థ లెక్కల పుస్తకాల్లో హంస అని ఎక్కింది, బాతును తిరిగి తీసుకుంటే హంస ఏదని అడుగుతారు. అందుకని బాతును దొరయ్య ఇంట్లోనే వదిలేశాడు.

ఆ రాత్రి మొగుడూ పెళ్లాలు మామూలుగానే అన్నం తిన్నారు. పేరంటాలు ఒకసారి బాతు వైపు, ఒకసారి మొగుడి వైపు చూసి, "అంతసేపు ఏం చెప్పావయ్యా దానికి?" అంది. దొరయ్య మజ్జిగ వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే దొరయ్య లేచి, వసారాలో పీట వేసుకుని, బాతును తెచ్చి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. లోపలి నుంచి వచ్చిన చద్దన్నంలో పండుమిరప పచ్చడి కలుపుకుని తిన్నాడు. గ్లాసెడు నీళ్లు తాగాడు. గొంతు సవరించాడు.

"బియ్యం బస్తా వచ్చిందా?" అంది లోపల్నుంచి పేరంటాలు.

"పచ్చడి బాగుందని చెప్పు," అన్నాడు దొరయ్య బాతుతో. లోపల గరిటె చప్పుడు ఆగింది. అతను కొంచెం ఆగి, గొంతు తగ్గించకుండానే, "పాదాలకి ఆముదం రాసుకోమని కూడా చెప్పు. నొప్పెట్టట్లేదా, ఇన్నాళ్లూ అలాగే నడుత్తంది," అన్నాడు.

పేరంటాలు గుమ్మం దాకా వచ్చి, ముక్కు చీదుకుని, మొగుడి వైపు కాకుండా బాతు వైపే చూస్తూ, "ఇంకా ఏవైనా ఉన్నాయేమో కనుక్కోవే," అంది.

దొరయ్య గ్లాసు బోర్లించాడు.